సాగునీటి లెక్క మనమే చూసుకుందాం – 3వ పాఠం: జాబితాలో లేని రైతులు

పోయిన పాఠంలో తూము దగ్గర నుంచి చివరి మడి దాకా కాలువ వెంట నడిచి పటం గీశారు కదా, అది తీసి ముందు పెట్టుకోండి. నీళ్లు ఎక్కడిదాకా పారుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో అందులో ఉంది. ఆ నీళ్ల గురించి మాట్లాడే హక్కు కాగితం మీద ఎవరికుంది, బురదలో దిగి నీళ్లు పెట్టుకునేది ఎవరు అన్నది ఈ పాఠంలో చూద్దాం. ఈ రెండూ ఒకరే అనుకుని పని మొదలుపెట్టడం వల్లే కాలువ బాగుచేసిన ప్రతిసారీ లాభం కాలువ మొదట్లో ఉన్నవాళ్లకే పోతోందని నా గట్టి నమ్మకం.

ముందు కాగితం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో కాలువల నిర్వహణను రైతులకు అప్పజెప్పే చట్టం వచ్చింది, దాని కింద పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మంచి ఆలోచనే, కానీ సంఘం ఎన్నికల్లో ఓటు మాత్రం ఆయకట్టులో (కాలువ నీళ్లు పారే భూముల్లో) భూమి ఉన్నట్టు రికార్డుల్లో పేరున్నవాళ్లకే. కౌలుదారుకి ఓటు ఉండొచ్చు, అదీ కౌలుదారుగా రికార్డుకెక్కితేనే. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది, ఇక రికార్డు ఎక్కడిది? ఆడవాళ్ల సంగతీ అంతే. నారు పీకేది, నాటేది, కలుపు తీసేది ఆమె, పాస్‌బుక్ భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది.

ఇప్పుడు పని. మీ సంఘం ఓటర్ల జాబితా సంపాదించండి. మొత్తం ఆయకట్టు మీద పడకుండా ఒకే ఒక్క పిల్లకాలువ ఎంచుకుని, దాని కింద ఒక్కో చెక్కకు (పొలం ముక్కకు) జాబితాలో ఎవరి పేరుందో తెల్లకాగితం మీద ఎడమవైపు రాయండి. తర్వాత పొలానికి వెళ్లి నాలుగు సంగతులు అడిగి కుడివైపు రాయాలి: కిందటిసారి మడవ (కాలువ నుంచి మడిలోకి నీళ్లు మళ్లించే చోటు) తిప్పిందెవరు, ఏ టైమ్‌కి నీళ్లు వచ్చాయి, అందుకు ఎంత ఖర్చయింది, నీళ్లు రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లారు.

అడిగే తీరులోనే ఉంది అసలు నేర్పు. రచ్చబండ దగ్గర అడిగితే నలుగురు పెద్దమనుషులు చెప్పేదే మీ కాగితం మీదికి వస్తుంది, కాబట్టి నాట్లప్పుడో కలుపులప్పుడో, మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పుకునే వేళ, ఆడవాళ్ల దగ్గర కూర్చుని అడగండి. "మామూలుగా నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా" అంటే "వస్తాయిలే" అంటారు. "కిందటి తడికి ఏ రోజు, ఏ వేళకి వచ్చాయి?" అంటే గుర్తు చేసుకుని ఉన్నదున్నట్టు చెబుతారు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక మేజర్ (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద కాలువ) చివర్లో ఎకరం కౌలుకి చేస్తున్న ఒంటరి మహిళ ఉందనుకుందాం. ఎడమవైపు గడిలో పట్నంలో ఉండే భూమి యజమాని పేరుంటుంది. కుడివైపు: ఆమె వంతు రాత్రి ఒంటిగంటకు వచ్చింది, చీకట్లో ఒక్కతే వెళ్లలేక ఒక మనిషికి కూలిచ్చి మడవ తిప్పించింది, పైన ఎవరో గండి కొడితే ఆ తడి కాస్తా పోయింది, లస్కర్‌ని (కాలువ చూసుకునే ఉద్యోగిని) అడిగితే "మీ ఆసామిని రమ్మను" అన్నాడు. ఒక్క వరుసలో ఎంత బయటపడిందో చూడండి. తూము దగ్గరి రైతుకి పగలు ఖర్చులేకుండా పారే నీళ్లకు ఆమె కూలి కట్టింది, అయినా తడి అందలేదు. అదే కాలువకు సిమెంటు లైనింగ్ వేసినా, వంతుల టైమ్ మారకపోతే ఆమె రాత్రి మారదు.

నాలుగో ప్రశ్నకు "ఎవరి దగ్గరికీ వెళ్లలేదు" అన్న జవాబులు ఎన్ని వచ్చాయో విడిగా లెక్కపెట్టండి. నేనైతే ముందు ఆ లెక్కే చూస్తాను.

భూమి ఉన్నవాళ్లదే నీరు అన్న పద్ధతి మారదని ఎవరైనా అంటే మహారాష్ట్ర సంగతి చెప్పండి. 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకాలో విలాసరావ్ సాలుంఖే పానీ పంచాయత్ మొదలుపెట్టారు. అక్కడ నీటి వాటా ఎకరాలను బట్టి కాదు, మనుషుల తలలను బట్టి: మనిషికి అరెకరానికి సరిపడా, కుటుంబానికి రెండున్నర ఎకరాలు దాటకుండా. భూమి లేనివాళ్లకూ వాటా ఉండేది, నీళ్లు మింగే చెరకు వేయకూడదన్నది నియమం.

మన దగ్గర వెంటనే అంత మార్పు రాకపోవచ్చు. కానీ వంతులు ఈ తడికి చివర నుంచి మొదలుపెట్టడం, ఈసారి రాత్రి వంతు పడినవాళ్లకు తర్వాతి తడి పగలు ఇవ్వడం సంఘం తీర్మానంతో అయ్యే పనులే. కౌలు కాగితం కష్టమైన వ్యవహారం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పంట సాగుదారు కార్డు (కౌలుదారుగా గుర్తింపునిచ్చే కాగితం) రావాలంటే యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టించడానికే కౌలుదారు నానా తిప్పలు పడాలి.

వచ్చే పాఠానికల్లా కనీసం పదిహేను చెక్కల వివరాలు నింపి ఉంచండి. జాబితాలో పేరు ఒకరిది, సాగు ఇంకొకరిది అయిన వరుసలకు ఎర్ర పెన్నుతో గీత పెట్టండి, మనుషుల పేర్లున్న కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, కౌలు పోతుందన్న భయం వాళ్లకుంటుంది. నాలుగో పాఠంలో ఈ వరుసలనే పేర్లు లేకుండా సంఘం సమావేశంలో ఎలా పెట్టాలో, ఎవరితో ముందుగా మాట్లాడుకోవాలో చూద్దాం.