గిటార్ పాఠాలు – 7: నాలుగో దెబ్బ ఎందుకు సాగుతుంది?

గత పాఠంలో జి, సి, డి కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈ వారం మెట్రోనోమ్ (సమానమైన వ్యవధిలో చప్పుడు చేసే లయ యంత్రం) తీయండి, ఫోనులో ఉన్నదైనా చాలు. 60 దగ్గర పెట్టండి. అంటే నిమిషానికి 60 దెబ్బలు, సెకనుకు ఒకటి.

ముందు కార్డులు వద్దు. ఎడమచేతి వేళ్లను తీగలపై తేలికగా ఆనించండి, స్వరం పలకకూడదు. కుడిచేత్తో ప్రతి దెబ్బకూ ఒకసారి కిందికి మీటండి. మీ చేయి సరిగ్గా పడితే మెట్రోనోమ్ చప్పుడు మీ తీగల చప్పుడులో కలిసిపోయి విడిగా వినిపించదు. అది ముందు వినిపిస్తే మీరు వెనకబడ్డారు, తరువాత వినిపిస్తే తొందరపడ్డారు. ఐదు నిమిషాలు ఇదొక్కటే చేయండి. విసుగనిపించినా దయచేసి దాటవేయవద్దు.

ఇప్పుడు లెక్క. తిరుపతిలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అంటూ వాయిస్తారు. నాలుగో దెబ్బ దగ్గర లయ సాగుతుంది. కార్డు మార్చే కంగారే కారణమనుకున్నాను. కానీ ఒకే కార్డు వాయించమన్నా అక్కడే సాగింది! బడిలో చదివిన ఛందస్సు గుర్తు తెచ్చుకోండి. ‘ఒకటి’లో మూడు లఘువులు, అంటే మూడు మాత్రలు. ‘రెండు’, ‘మూడు’ ఒక్కో గురువు, ఒక్కో లఘువు. అవీ మూడు మాత్రలే. ‘నాలుగు’కు మాత్రం నాలుగు మాత్రలు. నోటికి ఒక మాత్ర ఎక్కువ పడితే చేయి దానికోసం ఆగుతుంది. పైగా తరువాతి కార్డు కోసం వేళ్లు కదలవలసిన చోటూ అదే.

అందుకే ‘త, క, ధి, మి’ అనండి, దెబ్బకొక అక్షరం. నాలుగూ లఘువులే. పాట నేర్చుకునేవారు తొడమీద చేత్తో ఆదితాళం వేసుకుంటారు. గిటార్ వాయించేవారికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి తాళం నోటితోనే వేయాలి, అదీ పైకి వినబడేలా.

నోరు, చేయి కలిశాక కార్డులు పెట్టండి: నాలుగు దెబ్బలు జి, నాలుగు దెబ్బలు సి. ‘మి’ దగ్గర వేళ్లు అందకపోతే 50కి దిగండి. అలిపిరి మెట్లు ఎక్కినవారికి ఇది తెలుసు: గాలిగోపురం దాటాక చదునైన దారిలో ఎంత వేగంగా నడిచినా, మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు ఏ వేగానికి ఒప్పుకుంటాయో అదే మన అసలు వేగం. మీ వేగాన్ని కష్టమైన కార్డు మార్పే నిర్ణయించాలి. వరుసగా పదిసార్లు తప్పు లేకుండా వస్తేనే నాలుగు అంకెలు పెంచండి.

80 చేరాక మెట్రోనోమ్‌ను 40కి తగ్గించి, మీరు మాత్రం 80లోనే వాయించండి. ఇక దెబ్బ ‘త’, ‘ధి’ల మీదే వినిపిస్తుంది. మధ్యలోని ‘క’, ‘మి’లను మీరే మోయాలి. నా అనుభవంలో లయ నిజంగా కుదిరేది ఇక్కడే, ఎందుకంటే ఆనుకోవడానికి యంత్రం సగం సేపు ఉండదు. అది కుదిరాక దెబ్బ ‘క’, ‘మి’ల మీద పడేటట్లు మొదలుపెట్టి చూడండి. మొదటి రోజు చాలామంది నాలుగైదు ఆవర్తాల్లోనే (‘త, క, ధి, మి’ ఒక చుట్టు ఒక ఆవర్తం) మళ్లీ ‘త’ మీదికి జారిపోతారు. ఆగి, నోటితో రెండు ఆవర్తాలు చెప్పుకొని, అప్పుడు చేయి కలపండి.

శనివారం ఒక నిమిషం వాయించి ఫోనులో రికార్డు చేసుకోండి. పైకి మీటడం నేర్పే వచ్చే పాఠం ఆ రికార్డుతోనే మొదలవుతుంది.