కోనసీమ దారుల్లో దిక్కు తప్పకుండా తిరగడం ఎలా

ఒక్కసారి వెళ్లిన ఊరి దారిని పదేళ్లయినా మరచిపోనివారు కొందరుంటే, పుట్టి పెరిగిన మండలంలోనే కొబ్బరితోటల మధ్య రెండు మలుపులు తిరిగేసరికి తూర్పేదో పడమరేదో తెలియక నిలబడిపోయేవారు మరికొందరు ఉంటారు. ఈ రెండోవారు సాధారణంగా ‘మా బుర్రే అంత’ అని సరిపెట్టుకుంటారు. ఆ మాటలో నిజమెంతో ముందు తేల్చుకుంటే, అభ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

మెదడులో, కణతల లోపలి భాగంలో, రెండు వైపులా, హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఎలుక ఒక నిర్దిష్టమైన చోటికి చేరినప్పుడే స్పందించే కణాలు అందులో ఉన్నాయని శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ 1971లో వెల్లడించారు. దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, నేలంతటినీ గళ్లుగా కొలుస్తున్నట్టు పనిచేసే కణాలను 2005లో మోసర్ దంపతుల బృందం కనుగొంది. 2014 నోబెల్ బహుమతి ఈ ముగ్గురికీ దక్కింది. లండన్ టాక్సీ డ్రైవర్లలో హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చూపింది. ఆ ఉద్యోగానికి దాదాపు 25,000 వీధులను నేర్చుకోవాలి. శిక్షణకు ముందూ తర్వాతా తీసిన స్కాన్లను పోల్చిన 2011 అధ్యయనంలో, పరీక్ష నెగ్గినవారిలోనే ఆ భాగం పెరిగినట్టు తేలింది.

అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. మామూలు ఆరోగ్యవంతులను 2019లో 90 మందిని, 2020లో 217 మందిని పరీక్షించినప్పుడు హిప్పోక్యాంపస్ పరిమాణానికీ దారి పోల్చుకునే నేర్పుకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. కనుక మీరు తరచూ దారి తప్పుతున్నారంటే మెదడు చిన్నదని అర్థం కాదు. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన ఫలితాలన్నిటిలోనూ మనకు ఎక్కువ ధైర్యమిచ్చేది ఇదే.

తేడా చాలావరకు పద్ధతిలో ఉంటుంది. ‘మూడో వంతెన దగ్గర కుడికి, రావిచెట్టు దాటాక ఎడమకి’ అని మలుపుల వరుసను అలవాటుగా పట్టుకునేవారు ప్రధానంగా కాడేట్ న్యూక్లియస్ అనే భాగం మీద ఆధారపడతారు. ఊళ్లూ ఏరులూ ఒకదానికొకటి ఏ వైపున ఉన్నాయో మనసులో పటంలా నిలుపుకునేవారు హిప్పోక్యాంపస్‌ను వాడుకుంటారు. మొదటి పద్ధతి రోజూ తిరిగే దారికి చక్కగా సరిపోతుంది గాని, వరదకు గట్టు తెగి ఆ దారి మూసేసిన రోజున చేతులెత్తేస్తుంది.

పటాన్ని మనసులో కట్టుకోవడం నీటితో మొదలుపెట్టండి. ‘గట్టెమ్మట ఎగువకి వెళ్లి, లాకులు దాటాక పుంతలోకి దిగండి’ అని మన పెద్దలు దారి చెప్పేటప్పుడు కుడి ఎడమల ఊసే ఎత్తరు. ఎగువా దిగువా అన్నవి మనిషి ఎటు తిరిగి నిలబడినా మారవు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన నీరు ప్రధాన కాలువ నుంచి పిల్లకాలువకూ, అక్కడి నుంచి పంట బోదెకూ చేరుతుంది. వంతెన మీద ఒక్క నిమిషం ఆగి, తేలుతున్న గుర్రపుడెక్క ఎటు కదులుతోందో చూస్తే ఎగువ ఏదో తెలిసిపోతుంది. కాని పి.గన్నవరం అక్విడక్ట్ దగ్గర కింద వైనతేయ ఒక వైపుకు పారుతుంటే, పైన కాలువ దాన్ని అడ్డంగా దాటిపోతుంది. సముద్రం దగ్గరి మురుగుకాలువల్లో పోటు వచ్చినప్పుడు నీరు వెనక్కి నడుస్తుంది. అందుచేత నీటి గుర్తును పొద్దుతోనో, దూరాన కనిపించే గాలిగోపురంతోనో సరిచూసుకోండి.

తరువాత వేలు చూపే అభ్యాసం చేయండి. తెలియని ఊరి కూడలిలో ఆగి, కళ్లు మూసుకుని, మీ ఇల్లు ఎటో, గౌతమి ఎటో, వసిష్ఠ ఎటో చూపించి, అప్పుడు ఫోన్‌లో పటం తెరిచి ఎంత తప్పారో చూడండి. మొదట్లో చాలా తప్పుతారు. ఎంత తప్పారో అప్పటికప్పుడే తెలియడం ఇందులో అసలు పని చేస్తుంది కాబట్టి, సరిచూసుకోవడం మాత్రం మానకండి. ప్రతి మలుపు దగ్గరా ఒకసారి వెనుదిరిగి చూడడం కూడా అలవాటు చేసుకోండి. తిరుగు ప్రయాణంలో అదే చెరువు, అదే రామాలయం వేరే రూపంలో ఎదురవుతాయి.

ఫోన్‌ను పూర్తిగా పక్కన పెట్టమనడం లేదు. బయలుదేరే ముందు ఉత్తరం పైకి ఉంచి పటమంతా ఒకసారి చూసుకుని, జేబులో పెట్టి, సందేహం వచ్చినప్పుడే తీయండి. ఇంటికి వచ్చాక వెళ్లిన దారిని కాగితం మీద గీయండి. పిల్లలను సైకిల్ మీద పక్క ఊరి దుకాణానికి, వేర్వేరు గట్ల మీదుగా పంపండి. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఆడిన, దారి కనుక్కునే ఫోన్ ఆట ఆధారంగా 2022లో వెలువడిన పరిశోధన, నగరాల బయట పెరిగినవారు సగటున దారులు మెరుగ్గా పోల్చుకుంటారని తెలిపింది.

ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి తిరిగిన దారిలోనే ఇంట్లో పెద్దవారు కొత్తగా తికమకపడుతుంటే, దాన్ని అభ్యాసలోపమని కొట్టిపారేయకండి. అల్జీమర్స్ జబ్బు ముందుగా దెబ్బతీసే భాగాల్లో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి కనుక, ఆలస్యం చేయకుండా నరాల వైద్యుడికి చూపించండి.