ప్లాస్టిక్ తుక్కు నుంచి దానా దాకా – మూడో పాఠం: తేలేవి, మునిగేవి

గడచిన రెండు పాఠాలలో ప్లాస్టిక్ తుక్కును కంటితో, చేతితో, చెవితో ఎలా గుర్తుపట్టాలో నేర్చుకున్నాము. త్రికోణంలోని అంకె, వంచినప్పుడు పడే తెల్లని గీత, నలిపినప్పుడు వచ్చే చప్పుడు వస్తువు నిండుగా ఉన్నంతవరకే మనకు సాయపడతాయి. హైదరాబాదు పారిశ్రామికవాడలైన కాటేదాన్‌లోనో జీడిమెట్లలోనో అదే వస్తువు గ్రైండరులో పడి బయటికి వచ్చిన తరువాత ఆ గుర్తులలో దాదాపు ఏదీ మిగలదు. సీసా చప్పుడు వినగానే అది ఏ రకమో చెప్పి పక్కకు విసిరేసే స్త్రీలు మన గోదాములలో ఎందరో ఉన్నారు; వారి వేగాన్ని ఏ పరికరమూ అందుకోలేదని నా అభిప్రాయం. అయితే చిటికెన వేలి గోరంత ముక్కల రాశిని ముందు పోస్తే వారు సైతం ఏమీ చెప్పలేరు. ముక్కలైనా మారకుండా నిలిచే గుణాలలో పైసా ఖర్చు లేకుండా పరీక్షించదగినది సాంద్రత. అందుకు కావలసింది ఒక బకెట్టు నీరు.

రకాలను వేరుచేయడంలో ఇంత పట్టుదల ఎందుకన్నది ముందుగా గ్రహించాలి. నీళ్ల సీసాలు తయారయ్యే పెట్ ప్లాస్టిక్ 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైపులు, వైర్ల తొడుగులు చేసే పీవీసీ అంత వేడిని తట్టుకోలేదు. అంతకు చాలా ముందే విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. ఆ వాయువు ప్లాస్టిక్‌ను కరిగించే యంత్రంలోని స్క్రూను తినివేయడమే కాక పెట్ అణువుల గొలుసులను కూడా తెంచుతుంది కనుక సరుకు పసుపెక్కి, నల్లని మచ్చలు తేలి, పెళుసుబారుతుంది. టన్ను పెట్ ముక్కలలో నూరు గ్రాముల పీవీసీ కలిసినా నాణ్యమైన సరుకు కొనేవారు దానిని తిప్పి పంపుతారు. సంచుల పాలిథీన్, కుర్చీలు, నేత బస్తాలు చేసే పీపీ కలిసినప్పుడు ఇంత విధ్వంసం జరగదు గాని, అవి రెండూ కరిగిన స్థితిలోనూ ఒకదానితో ఒకటి సరిగా కలియవు కాబట్టి, అలాంటి దానాతో (తుక్కును కరిగించి చేసిన గుళికలతో) పోసిన వస్తువు అతుకు దగ్గర విరుగుతుంది.

నీటి సాంద్రతను ఘన సెంటీమీటరుకు 1 గ్రాముగా తీసుకుందాము. పీపీ 0.90–0.91, సంచులు, కవర్లు చేసే మెత్తని పాలిథీన్ ఎల్‌డీపీఈ 0.91–0.93, డబ్బాలు, క్యానులు చేసే గట్టి పాలిథీన్ హెచ్‌డీపీఈ 0.94–0.97 మధ్య ఉంటాయి. ఈ మూడూ తేలుతాయి. పాలీస్టైరిన్, టీవీ డొప్పలు చేసే ఏబీఎస్ 1.05కు కాస్త అటూ ఇటూగాను, నైలాన్ 1.14, పాలీకార్బొనేట్ 1.20 దగ్గరగాను, పెట్ 1.33–1.40 గాను, గట్టి పీవీసీ 1.3 నుంచి 1.45 దాకాను ఉంటాయి, ఇవన్నీ మునుగుతాయి. ఈ అంకెలను కంఠస్థం చేయనక్కరలేదు. నోటుపుస్తకం అట్ట లోపలి వైపు రాసుకుంటే చాలు.

ఇక పని మొదలుపెడదాము. మామూలు నీళ్ల సీసా ఒకటి తీసుకుని, దాని ఒంటిని, మూతను, మెడకు మిగిలిపోయిన రింగును, చుట్టూ ఉన్న లేబులును సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించండి. బకెట్టు నీటిలో గిన్నెలు తోమే ద్రవం నాలుగైదు చుక్కలు వేయండి. ఎందుకంటే ప్లాస్టిక్ ఉపరితలానికి నీరు సులువుగా అంటదు. సబ్బు లేని నీటిలో మునగవలసిన ముక్క కూడా చిన్న గాలి బుడగను పట్టుకుని పైనే నిలిచిపోతుంది. నురుగు వచ్చేంత వేస్తే ఏమీ కనబడదు కనుక చుక్కలతోనే ఆగాలి. ముక్కలను వేసి, కర్రతో అడుగు దాకా ముంచి తిప్పి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. సీసా ఒంటి ముక్కలు అడుగుకు చేరతాయి. మూత, రింగు ముక్కలు పైకి వస్తాయి. లేబులు పీపీ పొరతో చేసినదైతే అదీ తేలుతుంది. పెద్ద కర్మాగారాలలో పొడవాటి తొట్టెలో జరిగేది సరిగ్గా ఇదే; అక్కడ పైన తేలినదాన్ని తెడ్లు తోసివేస్తాయి, అడుగున చేరినదాన్ని స్క్రూ ఎత్తిపోస్తుంది.

కొన్ని శీతల పానీయాల సీసాలకు ఒంటినంతా బిగుతుగా కప్పే తొడుగు లేబులు ఉంటుంది. అది పీవీసీతోగాని, పెట్‌కు దాయాది వంటి మరో రకంతోగాని చేసినదైతే సీసాతోపాటే మునుగుతుంది. దానిని ఈ తొట్టె వేరుచేయలేదు. గ్రైండరులో వేయకముందే బ్లేడుతో చీల్చి తీసివేయవలసిందే. ఒక తొడుగును తీయడానికి బద్ధకించి, ఒక బస్తా సరుకును పాడుచేసుకోవడం ఈ వ్యాపారంలో నిత్యం కనిపించే సంగతి.

మునిగినవాటిని మళ్లీ రెండుగా విడదీయడానికి ఉప్పునీరు వాడతారు. వరి విత్తనాలను ఉప్పునీటిలో పోసి తాలు గింజలను తేల్చి తీసే పద్ధతి మన రైతులకు తెలిసినదే. ఇక్కడా సూత్రం అదే. లీటరు నీటికి 200 గ్రాముల దొడ్డు ఉప్పు కలిపి పూర్తిగా కరిగేదాకా తిప్పితే ద్రావణం సాంద్రత సుమారు 1.12 అవుతుంది. సరిచూసుకోవాలంటే అందులోంచి కచ్చితంగా ఒక లీటరు కొలిచి తూయండి. పాత్ర బరువు తీసివేయగా 1,120 గ్రాములకు దగ్గరగా రావాలి. ఇందులో పాలీస్టైరిన్, మామూలు ఏబీఎస్ తేలుతాయి. పెట్, పీవీసీ మునుగుతాయి. పాత టీవీల వెనుక డొప్పలలో మంటను ఆపడానికి బ్రోమిన్ రసాయనాలు కలిపి ఉండవచ్చు. అలాంటి ఏబీఎస్ బరువెక్కి ఈ ఉప్పునీటిలో మునుగుతుంది. కాబట్టి ఎలక్ట్రానిక్ తుక్కును ఈ తొట్టెలో వేసినప్పుడు మునిగిన నల్లని ముక్కలను అనుమానించి పక్కన పెట్టాలి. వాటిని బొమ్మలకో వంటింటి సామానుకో వెళ్లే దానాలో కలపడం తగని పని. తొట్టె ప్లాస్టిక్‌దై ఉండాలి. ఇనుప తొట్టెను ఉప్పు తినేస్తుంది.

నీరు ఎప్పుడు మోసం చేస్తుందో తెలియనివారు ఈ పరీక్షను నమ్మి నష్టపోతారు. చవకగా పోసిన పీపీ కుర్చీలలో సుద్దపొడి కలుపుతారు. బరువులో పది శాతం సుద్ద ఉన్న పీపీ సాంద్రత 0.97 దగ్గర ఉండి ఇంకా తేలుతుంది. అదే ఇరవై శాతమైతే 1.04 దాటి మునుగుతుంది. ఉప్పునీటిలో అది మళ్లీ పైకి వచ్చి పాలీస్టైరిన్ ముక్కల మధ్య దాక్కుంటుంది. థర్మకోల్ దీనికి తలకిందులు: అది పాలీస్టైరినే అయినా లోపలి గాలి వల్ల తేలుతుంది. అందుకే థర్మకోల్‌ను తొట్టె దగ్గరికి రానివ్వకుండా ముందే ఏరివేయాలి. తేలిన మూడు రకాలను ఒకదానినుంచి ఒకటి వేరుచేయడానికి ప్రయోగశాలలలో ఆల్కహాలు కలిపిన నీటిని వాడతారు. అది సులువుగా మంట అంటుకునే ద్రవం కనుక షెడ్డులో దాని జోలికి పోవద్దు. సంచులు, కవర్లు ఒక కుప్పగా, డబ్బాలు, క్యానులు ఒక కుప్పగా, కుర్చీలు, నేత బస్తాలు మరో కుప్పగా గ్రైండరుకు ముందే పెట్టుకుంటే ఆ సమస్యలో చాలా భాగం తీరిపోతుంది.

అడుగున పెట్, పీవీసీ కలిసి మిగిలినప్పుడు ఏది ఏదో తేల్చడానికి రాగి తీగ పరీక్ష ఉంది. రాగి తీగ కొనను గ్యాస్ మంటలో రంగు రావడం ఆగేదాకా కాల్చి, వేడిమీద ఉండగానే ముక్కకు తాకించి, నువ్వుగింజంత ప్లాస్టిక్ అంటుకోగానే మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే ముక్కలో క్లోరిన్ వంటిది ఉన్నట్టు. మునిగిన సీసా ముక్కల విషయంలో అది పీవీసీ అనుకోవచ్చు. పొగను పీల్చవద్దు, ఆరుబయట, గాలికి ఎదురుగా కాక పక్కగా నిలబడి చేయండి. తుక్కు ఉన్న గోదాములో మాత్రం ఈ పరీక్ష ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, పై అంతస్తులో నిద్రిస్తున్న పదకొండుమంది బిహారు కూలీలు చనిపోయారు. తుక్కు గోదాములో మంట ఎంత వేగంగా దారులు మూసేస్తుందో అప్పుడు నగరమంతా చూసింది. రాగి కోసం వైర్లను కుప్పపోసి తగలబెట్టడం ఈ పరీక్ష కిందికి రాదని కూడా చెప్పాలి. పీవీసీ తొడుగును రాగి సమక్షంలో కాలిస్తే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. తొడుగును కత్తితో చీరి తీస్తే రాగికి రాగి, పీవీసీకి పీవీసీ రెండూ దక్కుతాయి.

పని ముగిశాక నీటిని మోరీలో పారబోయవద్దు. అందులో సన్నని ప్లాస్టిక్ పొడి, జిగురు, మట్టి ఉంటాయి. కాటేదాన్ చెంతనే ఉన్న నూర్ మహ్మద్ కుంట కర్మాగారాల మురుగుతో ఏమైపోయిందో ఆ వైపు వెళ్లినవారు ఎరుగుదురు. నీటిని ఒక రాత్రి నిలవనిచ్చి, పైతేటను బట్టతో వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఉప్పునీరైతే ఉప్పు ఖర్చు కూడా కలిసివస్తుంది. ఇది ఇంటి స్థాయి అభ్యాసం. తొట్టె పెట్టి వ్యాపారం చేయదలచినవారు 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావలసి ఉంటుంది. సందేహాస్పదమైన నమూనాలను చర్లపల్లిలో ఉన్న ప్లాస్టిక్ రంగపు కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్‌లో పరీక్ష చేయించుకోవచ్చు.

అభ్యాసానికి పాల ప్యాకెట్టు, షాంపూ సీసా, పెరుగు డబ్బా, నీళ్ల సీసా, కరెంటు పైపు ముక్క, పాత కుర్చీ విరిగిన కాలు, రిమోట్ వెనుక మూత పోగుచేయండి. ఒక్కొక్కటి ఏ రకమో ముందుగా ఊహించి రాసి, మంచినీటిలో ఏమైందో, ఉప్పునీటిలో ఏమైందో ఎదురుగా నమోదు చేయండి. ఊహకు, ఫలితానికి పొంతన కుదరనివాటిని పారేయకండి. సుద్ద, గాలి, బ్రోమిన్ ఈ మూడింటిలో ఏది కారణమో పక్కన రాయండి. పెరుగు డబ్బా కొన్ని కంపెనీలది తేలుతుంది, కొన్నింటిది మునుగుతుంది, కాబట్టి రెండు మూడు రకాలు తెచ్చుకుంటే మంచిది. మునిగిన నీళ్ల సీసా ముక్కలను నీడన ఆరబెట్టి విడిగా దాచండి. నాలుగో పాఠంలో కాస్టిక్ సోడా వేడినీటితో వాటి జిగురు వదిలిస్తాము. అందుకు కనీసం పావుకిలో ముక్కలు, ఒక జత రబ్బరు చేతి తొడుగులు, కళ్లను కాపాడే అద్దాలు సిద్ధంగా ఉంచుకోవాలి.