రాజు పుట్టిన ఏటి నాణేలు – మూడో పాఠం: 1948 సెట్టు

గత రెండు పాఠాల్లో పౌను, షిల్లింగు, పెన్నీల లెక్కా, అరుగుదలను బట్టి నాణేనికి దర్జా కట్టడమూ నేర్చుకున్నాం. ఆ లెక్కను ఒక్కసారి గుర్తుచేసుకోండి: మన దగ్గర ఒకప్పుడు అణాకు 12 పైలు ఉన్నట్టే బ్రిటన్‌లో ఆ రోజుల్లో షిల్లింగుకు 12 పెన్నీలు, పౌనుకు 20 షిల్లింగులు. ఈసారి ఒక్క ఏడాదిని పట్టుకుని సెట్టు పూర్తిచేద్దాం.

బ్రిటన్ రాజు చార్లెస్ 3 పుట్టింది 1948 నవంబరు 14న, అంటే మన బాలల దినోత్సవం నాడే. అప్పటి రాజు ఆయన తాతగారు జార్జి 6. అందువల్ల 1948 నాణేలన్నిటి మీదా ఎడమవైపు చూస్తున్న జార్జి తలే ఉంటుంది. చార్లెస్ బొమ్మ ఉన్న '1948' నాణెం ఎవరైనా చూపిస్తే అది ఆ ఏటిది కాదు, తర్వాత ఎవరో చేసిన బిళ్ల.

మొదటి సెట్టుగా ఈ ఏడాదినే తీసుకోవడానికి కారణాలు రెండు. ఒకటి, ఇందులో బంగారం లేదు, ఐదు షిల్లింగుల క్రౌను లేదు, ఆ ఏడాది అమ్మకానికి ప్రూఫ్ సెట్టు (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి వేసేది) కూడా వెయ్యలేదు. చలామణీ నాణేలు తొమ్మిది దొరికితే సెట్టు నిండినట్టే. రెండోది మనకు దగ్గరి సంగతి. నాణేల మీద లాటిన్‌లో 'ఇండ్ ఇంప్' అని పొడి అక్షరాలు ఉంటాయి. 'ఇండియే ఇంపెరేటర్', అంటే భారత చక్రవర్తి అని వాటి అర్థం. మనకు స్వాతంత్ర్యం వచ్చింది 1947లో. రాజు ఆ బిరుదు వదులుకుంటున్నట్టు ప్రకటన వెలువడింది 1948 జూన్ 22న. నాణేల మీద నుంచి ఆ అక్షరాలు పోయింది 1949 నుంచి. అంటే బ్రిటన్ నాణేల మీద మన దేశం ప్రస్తావన ఉన్న చివరి ఏడాది 1948. తమాషా ఏమిటంటే భారత ప్రభుత్వ నాణేల్లో 1948 తేదీ ఉన్నదే లేదు. 1947 తర్వాత తేదీ 1950కి దూకింది.

ఇప్పుడు తొమ్మిదింటినీ గుర్తుపట్టడం. చిన్నదానితో మొదలుపెడదాం.

ఫార్దింగ్ అంటే పావు పెన్నీ. కంచుది, 2.83 గ్రాములు, అడ్డుకొలత 20.2 మి.మీ. వెనుకవైపు తోక ఎత్తిన చిన్న రెన్ పిట్ట ఉంటుంది. అర పెన్నీ 5.67 గ్రాములు, 25.5 మి.మీ. దాని మీద తెరచాపల ఓడ. పెన్నీ 9.45 గ్రాములు, 30.8 మి.మీ. శూలం, డాలు పట్టుకుని కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి), పక్కన దీపస్తంభం. ఈ మూడింటి మీదా 'ఇండ్ ఇంప్' తల వైపు, అంచు రాతలో చివర ఉంటుంది.

మూడు పెన్నీల నాణెం ఇత్తడి రంగులో, పన్నెండు పలకలతో, 6.8 గ్రాములు తూగుతుంది. వెనుక థ్రిఫ్ట్ అనే సముద్రతీరపు పూలమొక్క. ఇంగ్లీషులో ఆ మాటకు పొదుపు అనే అర్థం కూడా ఉంది, ఆ చమత్కారం కోసమే ఆ మొక్క. దీనికీ బిరుదు తలవైపే.

ఆరు పెన్నీలది 2.83 గ్రాములు, 19.4 మి.మీ. ఈ బరువు ఫార్దింగుదే, కాబట్టి త్రాసును నమ్ముకుని ఊరుకోకండి, రంగూ కొలతా చూడండి. వెనుక కిరీటం కింద 'జి ఆర్ ఐ' అక్షరాలు అల్లుకుని ఉంటాయి. 'ఐ' అంటే ఇంపెరేటర్. 1949 నుంచి ఆ 'ఐ' పోయి, అల్లికలో జార్జి సంఖ్య చేరింది. 1948, 1949 ఆరు పెన్నీలు పక్కపక్కన పెట్టి చూస్తే సామ్రాజ్యం ముగిసిన సంగతి గోటంత జాగాలో కనిపిస్తుంది. సెట్టుకు అవసరం లేకపోయినా 1949ది ఒకటి కొని పెట్టుకోమనే చెబుతాం.

షిల్లింగు దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. 1948లో షిల్లింగులు రెండు రకాలు. రెండూ 5.66 గ్రాములే, రెండూ 23.6 మి.మీ.లే. కిరీటం మీద సింహం నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటే ఇంగ్లండు రకం. సింహం కిరీటం మీద ఎదురుగా కూర్చుని, ఒక చేత కత్తి, ఇంకో చేత రాజదండం పట్టుకుని ఉంటే స్కాట్లండు రకం. నిలబడితే ఇంగ్లండు, కూర్చుంటే స్కాట్లండు అని గుర్తుపెట్టుకోండి. జార్జి భార్య ఎలిజబెత్, అంటే చార్లెస్ అమ్మమ్మ, స్కాట్లండు వంశస్థురాలు కావడంతో ఆమె గౌరవార్థం 1937 నుంచి ఈ రెండో రకం వేశారు. ఎనిమిదితోనే సెట్టు అయిపోయిందనుకునేవాళ్లు వదిలేసేది ఎక్కువగా దీన్నే.

రెండు షిల్లింగుల నాణేన్ని ఫ్లోరిన్ అంటారు: 11.31 గ్రాములు, 28.5 మి.మీ., వెనుక కిరీటం కింద గులాబీ. రెండున్నర షిల్లింగులది హాఫ్ క్రౌన్: 14.14 గ్రాములు, 32.3 మి.మీ., వెనుక రాజలాంఛనం డాలు. షిల్లింగులు, ఫ్లోరిన్, హాఫ్ క్రౌన్‌లకు బిరుదు వెనుకవైపు ఉంటుంది.

ఇక మోసాల సంగతి. 'పాత బ్రిటిష్ వెండి హాఫ్ క్రౌన్, 1948' అని అమ్మకానికి పెట్టిన చోట ఆగండి. అమెరికా నుంచి యుద్ధకాలంలో అప్పుగా తెచ్చుకున్న వెండిని తిరిగివ్వాల్సి రావడంతో బ్రిటన్ 1947 నుంచి చలామణీ నాణేల్లో వెండి మానేసింది. 1946 వరకు సగం వెండి, 1947 నుంచి 75 శాతం రాగి, 25 శాతం నికెలు. కాబట్టి 1948 హాఫ్ క్రౌన్‌లో వెండి వీసమెత్తు ఉండదు. తేదీ చదివితే చాలు, ఆసిడ్ పరీక్షలు అక్కర్లేదు, అవి నాణేన్ని పాడుచేస్తాయి. ఆ ఏడాది వెండితో వేసినవి మాండీ నాణేలు మాత్రమే. ఈస్టరుకు ముందు గురువారం రాజు దానం చేసే 1, 2, 3, 4 పెన్నీల చిన్న బిళ్లలు అవి, 92.5 శాతం వెండి. ఖరీదు వేరే స్థాయిలో ఉంటుంది. తొమ్మిదీ పూర్తయ్యేదాకా వాటి జోలికి పోకండి.

తెల్లగా మెరిసే 1948 పెన్నీ కనిపిస్తే అది పూత. ఎవరో సరదాకు నికెలో, క్రోమో పట్టించి ఉంటారు. పసుపు పూత వేసి పుట్టినరోజు కానుకగా ఫ్రేము కట్టినవీ ఉంటాయి. పూత బరువును పెద్దగా మార్చదు కాబట్టి త్రాసు పట్టుకోలేదు. అంచు మీద, అక్షరాల మూలల్లో భూతద్దంతో చూస్తే అసలు లోహం తొంగిచూస్తుంది. అలాగే ఫ్లోరిన్, హాఫ్ క్రౌన్‌లకు ఆ కాలంలోనే సీసం కలిపిన దొంగ నాణేలు పోతపోశారు. వాటి రాతలు మెత్తగా, సబ్బు బిళ్ల మీద రాసినట్టు ఉంటాయి. బాగా అరిగిన అసలు నాణెం కూడా బరువులో కొద్ది శాతానికి మించి తగ్గదు. 14.14 తూగవలసింది 12 దగ్గర ఆగితే వదిలేయండి. 0.01 గ్రాము చూపించే జేబు త్రాసు ఈ పనికి సరిపోతుంది.

అదే రాజు తలతో ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా నాణేలూ ఉంటాయి. గుత్తగా కొన్న సంచిలో ఇవి కలిసిపోతాయి. కంగారూ ఉన్న 1948 పెన్నీ ఆస్ట్రేలియాది. తల చూసి కాదు, వెనుకవైపు చూసి వేరుచేయాలి.

ఏది ఎంత మంచి స్థితిలో కొనాలి? అందరూ పెద్ద నాణెం మీద డబ్బు పెడతారు. మా లెక్క వేరు. హాఫ్ క్రౌన్లు ఆ ఏడాది 7 కోట్లకు పైగా వేశారు, 1969 ఆఖరికే చలామణీ నుంచి తీసేశారు. కాబట్టి నాణ్యమైనవి తేలిగ్గానే దొరుకుతాయి. షిల్లింగు, ఫ్లోరిన్‌ల కథ వేరు. 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతి వచ్చాక కూడా అవి 5, 10 కొత్త పెన్నీలుగా చెల్లాయి. షిల్లింగు 1990 దాకా, ఫ్లోరిన్ 1993 దాకా చేతులు మారుతూనే ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా అరిగితే రాజుగారి చెవి మీది జుట్టు ఏం మిగులుతుంది? అరగని ఫ్లోరిన్ కనిపిస్తే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. ఇక మూడు పెన్నీలది 42,30,400 మాత్రమే వేశారు. సెట్టులో అన్నిటికంటే తక్కువ ఇదే. మొదట దీన్ని వెతికి, మిగతావి తర్వాత చూసుకోండి. ఫార్దింగ్ 1960 ఆఖరుతో ఆగిపోయింది కాబట్టి, చిన్నదైనా మెరుపు మిగిలినవి ఉంటాయి.

అరుగుదల చూడవలసిన చోట్లు: తల వైపు చెవి పైన జుట్టు, కనుబొమ; పెన్నీకి బ్రిటానియా వేళ్లు; ఫార్దింగుకు పిట్ట రొమ్ము మీది ఈకలు; అర పెన్నీకి ఓడ తాళ్లు. నాణేన్ని దీపం కింద నెమ్మదిగా వాల్చండి. కొత్త నాణెం అయితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. కడిగిన నాణెం మీద వెలుగు కదలకుండా అంతటా ఒకేలా మెరుస్తుంది.

కడగడం అన్నాం కాబట్టి ఒక మాట. ఇంట్లో ఇత్తడి బిందెకు చింతపండు పెట్టే చేత్తో కంచు పెన్నీని ముట్టుకోవద్దు. పులుపు పైపొరను లోహంతో సహా తినేస్తుంది. తోమిన రోజు గులాబీ రంగులో బాగానే కనిపిస్తుంది, కొన్ని వారాలకు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. ఇక దానికి విరుగుడు లేదు. నిమ్మకాయ, విబూది, పళ్లపొడి అన్నీ ఇదే కోవ. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి.

దాచడానికి అట్ట చట్రాలు వాడండి. కిటికీ కొలతలు ఇవి: ఫార్దింగ్, ఆరు పెన్నీలకు 22.5 మి.మీ., షిల్లింగులకూ మూడు పెన్నీలకూ 25, అర పెన్నీకి 27.5, ఫ్లోరిన్‌కు 30, పెన్నీకి 32.5, హాఫ్ క్రౌన్‌కు 35. చట్రం నుంచి నాణెం తీసేటప్పుడు ముందు స్టేపుల్ పిన్నులన్నీ ఊడదీయండి. పిన్ను గీత పడ్డ నాణేలు లెక్కలేనన్ని. మెత్తగా వంగే పీవీసీ కవర్లు వద్దు. అవి కొన్నేళ్లకు జిగురు వదిలి నాణేన్ని పచ్చగా చేస్తాయి. అలా పచ్చబడితే స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, మంటకు దూరంగా, కిటికీలు తెరిచి కాసేపు ముంచి తీయాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో నూనె, రంగు కలుపుతారు కాబట్టి అది పనికిరాదు. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రం గాలి ఊళ్లలో డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, తేమ పట్టగానే మార్చండి.

అభ్యాసం: కింది మూడింటిలో 1948 సెట్టుకు పనికొచ్చేది ఏది, ఎందుకు?
అ) 5.6 గ్రాములు, కిరీటం మీద కూర్చున్న సింహం, వెనుక 'ఇండ్ ఇంప్' ఉంది, తేదీ చివరి అంకె అరిగిపోయింది.
ఆ) ఆరు పెన్నీల నాణెం, తేదీ 1948లాగే ఉంది, కానీ కిరీటం కింది అల్లికలో 'ఐ' అంటే చక్రవర్తి కాదు, రాజు సంఖ్యలో భాగం.
ఇ) 9.4 గ్రాములు, బ్రిటానియా, తేదీ 1948, తల వైపు 'ఇండ్ ఇంప్' ఉంది, రంగు మాత్రం ఒకే తీరు గులాబీ.

జవాబులు నాలుగో పాఠం మొదట్లో. ఆ పాఠం ఎలిజబెత్ 2 పుట్టిన 1926 గురించి. 1922 తర్వాత మళ్లీ పెన్నీ వేసింది ఆ ఏడాదే, అదీ రెండు రకాల రాజు తలలతో. పది రెట్ల భూతద్దం ఒకటి అప్పటికి దగ్గర ఉంచుకోండి.