మహేంద్రగిరి ఎక్కేముందు వెనక్కి తిరిగే టైమ్ పెట్టుకోండి

సంక్రాంతి సెలవులకు ఊరొచ్చిన కుర్రాళ్లు శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి కొండ ఎక్కుదామని ప్లాన్ వేస్తుంటారు. వెళ్లండి, వద్దనను. కానీ ఎన్నింటికి బయల్దేరాలో అందరూ మాట్లాడుకుంటారు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఎవరూ అనుకోరు. నా భయమంతా అక్కడే.

సంక్రాంతి రోజుల్లో మన దగ్గర సాయంత్రం ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. చెట్ల కింద అంతకు ముందే చీకటి. గంటకు 5 కిలోమీటర్లు నడవగలిగినవాళ్లు కూడా ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలుపుకోవాలని 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన లెక్క చెప్పాడు. అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పన్నెండు దాటితే ఎక్కడున్నా సరే తిరిగిపోవాలి, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే.

పైన కింది కంటే సుమారు 9 డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఆపైన గాలి. రెండేళ్ల కిందట మాతో వచ్చిన తమ్ముడొకడు చెమటతో తడిసిన కాటన్ చొక్కాతోనే పైన కూర్చున్నాడు. పావుగంటకి వాటర్ బాటిల్ మూత తిప్పుదామంటే వేళ్లు రాలేదు. తడి చొక్కా విప్పించి, పొడి బనీను, స్వెట్టర్ వేసి, దుప్పటి కప్పి, ఫ్లాస్కులోని తియ్యటి టీ కొంచెం కొంచెంగా పట్టించాం. అప్పటినుంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి బట్టలు లేనిదే ఎవర్నీ రానివ్వను. మాట ముద్దగా వస్తూ వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, అది ఇంకా ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పొగమంచు కమ్మి దారి తెలియకపోతే అందరూ ఒక్కచోటే ఆగండి. గెడ్డ (కొండవాగు) వెంట దిగితే ఊరొస్తుందని మాత్రం దిగొద్దు. నాచు పట్టిన బండలు, ఉన్నట్టుండి లోతుగా పడే జలపాతాలు అక్కడే ఉంటాయి. విజిల్ ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ మిగులుతుంది.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. తెల్లవారుజామున, మునిమాపువేళ ఒంటరిగా నడవకండి, నలుగురూ గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. సీతంపేట వైపు కొండలకైతే ఏనుగులు ఎక్కడున్నాయో ముందు అక్కడి ఊరివాళ్లని అడగండి.

ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోండి. వారం పది రోజులకి జ్వరం వచ్చినా, సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ కనిపించినా, కొండకెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, మొదట్లోనే మందు పడితే నయమవుతుంది.