రెండు డిస్కుల మిర్రర్ పెట్టేటోళ్లు జర ఇది సూడుండ్రి

నల్లగొండల మా స్టూడియోల పెండ్లి ఫొటోలన్నీ ఒక్క సిస్టంలనే ఉంటయి, అందుకే మస్తు పైసలు పెట్టి రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపే కార్డు) ఏసి రెండు డిస్కులు మిర్రర్ చేసిన, అంటే ఒకదాంట్ల ఉన్నదే రెండోదాంట్ల గూడ ఉంటది. ఎండకాలం కరెంటు ఎచ్చుతగ్గులకు కార్డు కాలింది. డిస్కులు రెండూ మంచిగనే ఉన్నయి గని వేరే సిస్టంకు పెడితే ఖాళీగ సూపెట్టింది, ఎందుకంటే ఆ కార్డు రాసుకున్న లెక్క దానికే తెలుస్తది, అసొంటి కార్డు కోసం సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీల నాలుగు రోజులు తిరిగిన.

గిప్పుడు లినక్స్‌ల ఎండీఅడ్మిన్ (mdadm) అనే టూల్‌తోని సాఫ్ట్‌వేర్ మిర్రరే. ఏ డిస్క్ తీసి ఏ లినక్స్ మిషన్‌కు పెట్టినా లేస్తది. ప్రాసెసర్‌కు బరువైతదని భయపడకుండ్రి, రెయిడ్ 1ల, అంటే ఈ మిర్రర్‌ల, లెక్కలు ఏముండవు, అదే డేటా రెండు జాగలల్ల రాసుడే. మిర్రర్ ఎట్లున్నదో సూపెట్టే ఎండీస్టాట్ ఫైల్ (/proc/mdstat) తెరిస్తే బ్రాకెట్ల యూ యూ అని ఉంటే రెండూ బతికున్నట్టు, ఒక యూ జాగల గీత కనవడిందో, ఒకటి పోయినట్టు.

మదర్‌బోర్డు బయోస్‌ల (సిస్టం ఆన్ కాంగనే ముందుగల్ల నడిచే ప్రోగ్రాం) ఉండే రెయిడ్ జోలికి పోకుండ్రి, శానమట్టుకు అది పేరుకే హార్డ్‌వేర్, పనంత డ్రైవర్ సాఫ్ట్‌వేరే చేస్తది. పెద్ద డేటాబేస్ నడిపేటోళ్లకైతే బ్యాటరీ క్యాష్ (కరెంటు పోయినా రాయాల్సిన డేటాను పట్టుకునే మెమరీ) ఉన్న అసలు కార్డు పనికొస్తది, గని అదే మోడల్‌ది ఇంకోటి బీరువల పెట్టుకోవాలె.

ఇంకోటి, ఫోల్డర్ డిలీట్ కొడితే రెండిట్ల పోతది, కాబట్టి బ్యాకప్ వేరే డిస్క్‌ల ఉండాలె. అట్లనే గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాం) రెండు డిస్కుల మీద ఎక్కియ్యుండ్రి, లేకుంటే మొదటిది పోయిన్నాడు సిస్టం బూటే కాదు.