పాత కరోలాకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మారుస్తున్నారా? కన్వర్టర్ కూర్చోనిదే బోల్టు బిగించకండి

కొత్తగా ఎక్కించిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొదటి స్టార్ట్‌కే పోయిందన్న మాట ఈ మధ్య మళ్ళీ వినిపిస్తోంది. కారు అమెరికాలో 1993-97 మధ్య అమ్ముడైన టొయోటా కరోలా. దాని 1.6 లీటర్ ఇంజిన్ మోడల్‌లో ఉన్నది మూడు గేర్ల ఏ131ఎల్ బాక్స్. దానికి ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు) లేదు కాబట్టి హైవే మీద ఇంజిన్ అరుస్తుంది. అందుకని జంక్‌యార్డ్ నుంచి నాలుగు గేర్ల ఏ245ఈ తెచ్చి వేస్తారు. తెచ్చిన బాక్స్ మంచిదే, ఇంజినూ మంచిదే. అయినా స్టార్ట్ చేసి డీలో వేస్తే కారు కదలదు, ముందువైపు నుంచి ఎర్రటి ఆయిల్ ధారగా కారుతుంది. విప్పి చూస్తే బాక్స్ లోపలి ఆయిల్ పంప్ పగిలి ఉంటుంది. ఇలాంటి కేసుల్లో మొట్టమొదట అనుమానించాల్సింది ఒకటే: టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి భాగం) పూర్తిగా లోపలికి కూర్చోలేదు, మిగిలిన సందుని బోల్టులతో లాగేశారు.

జాక్‌స్టాండ్లు పెట్టాలి, బ్యాటరీ నెగటివ్ తీయాలి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

కొనే ముందు

పేరు ఒకటే కదా అని ఏ ఏ245ఈ పడితే అది తేకండి. 1998 నుంచి కరోలాలో ఇంజిన్ మారి 1జడ్‌జడ్ వచ్చింది. ఆ బాక్స్ మీదా అదే పేరు ఉంటుంది కానీ బెల్‌హౌసింగ్ (బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే గంట ఆకారపు ముందు భాగం) బోల్టుల అమరిక మీ ఇంజిన్‌కి కలవదు. మీకు కావలసింది 1993-97 నాటి 1.8 లీటర్ 7ఏ-ఎఫ్‌ఈ ఇంజిన్ వెనక ఉన్నది. అదే కాలపు జియో ప్రిజమ్ కూడా లోపల కరోలానే, కాబట్టి దాన్నుంచి తీసినదీ పనికొస్తుంది. డోర్ దగ్గర ప్లేట్ మీద గేర్‌బాక్స్ కోడ్ రాసి ఉంటుంది. అమ్మేవాడి మాట మీద కాకుండా ఆ ప్లేట్ చూసి కొనండి.

బాక్స్ ఒక్కటే తెస్తే పని జరగదు. ఏ131ఎల్ ఆయిల్ ప్రెషర్‌తోనే గేర్లు మార్చుకుంటుంది. ఏ245ఈలో గేరు మార్చేవి సోలనాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు), వాటిని నడిపేది కంప్యూటర్. మీ పాత కంప్యూటర్‌కి ఆ సోలనాయిడ్లని నడిపే ఏర్పాటే లేదు. కాబట్టి అదే కారు నుంచి కంప్యూటర్, వైరింగ్, న్యూట్రల్ స్విచ్, ఓవర్‌డ్రైవ్ బటన్ ఉన్న షిఫ్టర్, కన్వర్టర్, ఫ్లెక్స్ ప్లేట్ (ఇంజిన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పళ్ళెం), రెండు యాక్సిళ్ళు, మౌంట్లు అన్నీ ఒకేసారి తీసుకోండి. 1995 దాకా వచ్చిన కార్ల వైరింగ్ వేరు, 1996 నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలని తానే పట్టుకునే పద్ధతి) వచ్చాక వేరు. మీ కారు ఏ సంవత్సరం వైపుదో ఆ కారు నుంచే తీయాలి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే కాలిఫోర్నియాలో స్మాగ్ (పొగ) పరీక్షలో కారు తప్పుతుంది. కంప్యూటర్ విషయంలో సర్దుకుపోతే ఆ లైట్ ఆరదు.

కొనే చోటే డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద రుద్దండి. ఎరుపు అయితే సరే. మాడు వాసన వేసే నలుపు వద్దు. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్ళు లోపలికి వెళ్ళాయని అర్థం. అది ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

కన్వర్టర్ దగ్గర

ఇక్కడ నిదానంగా చదవండి.

కన్వర్టర్ మూడు చోట్ల కలవాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళు ఒకటి, స్టేటర్ షాఫ్ట్ పళ్ళు రెండు. మూడోది పంప్: కన్వర్టర్ హబ్ అంచున ఉన్న రెండు కోతలు పంప్ లోపలి గేరుకున్న రెండు కొమ్ముల మీద కూర్చోవాలి. మొదటి రెండూ కలవగానే కన్వర్టర్ లోపలికి వెళ్ళిపోయినట్టే కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. మూడోది కలవలేదు, కానీ కంటికి తేడా తెలియదు.

బాక్స్‌ని నిలువుగా, బెల్‌హౌసింగ్ పైకి ఉండేలా పెట్టండి. కన్వర్టర్‌లో ఒక లీటర్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయండి. హబ్‌కి, ముందు సీల్‌కి కాస్త ఏటీఎఫ్ రాయండి. కన్వర్టర్‌ని రెండు చేతులతో పట్టుకుని, నొక్కకుండా, దాని బరువుతోనే దిగేలా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. ఒక్కో చోట కలిసినప్పుడల్లా 'టక్'మని కిందికి జారుతుంది. చివరిసారి జారడం చేతికి తెలుస్తుంది. అది తెలియలేదంటే కూర్చోలేదు.

చేతిని కూడా నమ్మకండి, కొలవండి. బెల్‌హౌసింగ్ ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు ముఖం దాకా కాలిపర్‌తో లోతు చూడండి. ఇంజిన్ వైపు బ్లాక్ ముఖం నుంచి ఫ్లెక్స్ ప్లేట్ బోల్టు ముఖం దాకా ఎంత ముందుకి ఉందో అదీ చూడండి. మొదటి కొలత రెండోదాని కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. సమానంగా ఉన్నా, తక్కువగా ఉన్నా కన్వర్టర్ ఇంకా బయటే ఉంది. సర్వీస్ మాన్యువల్‌లో మీ బాక్స్‌కి కనీస లోతు ఇచ్చి ఉంటుంది. ఆ అంకె ఒక టేపు ముక్క మీద రాసి బెల్‌హౌసింగ్‌కి అంటించుకోండి.

బల్ల మీద సరిగ్గా కూర్చున్న కన్వర్టరే, కారు కిందికి తీసుకెళ్ళి జాక్ మీద పైకి లేపేటప్పుడు బాక్స్ ముందుకి వంగితే జారి బయటికి వస్తుంది. బెల్‌హౌసింగ్‌కి అడ్డంగా ఒక ఇనుప పట్టీ కట్టి అది రాకుండా ఆపండి. పట్టీ తీసిన వెంటనే, బాక్స్ ఇంజిన్‌కి తగలక ముందే, మళ్ళీ ఒకసారి కొలవండి.

ఇక అసలు పరీక్ష. రెండు డోవెల్ పిన్నులూ (బాక్స్, ఇంజిన్ సరిగ్గా ఎదురెదురుగా కలిసేలా చూసేవి) బ్లాక్‌లో ఉన్నాయా చూసుకుని బాక్స్‌ని చేత్తోనే ఇంజిన్‌కి ఆనించండి. చుట్టూ సందు లేకుండా ముఖాలు రెండూ చేత్తోనే కలవాలి. పావు అంగుళం సందు ఉంటే దానికి కారణం ఉంటుంది, ఆ కారణం దాదాపు ఎప్పుడూ కన్వర్టరే. అప్పుడు బోల్టు వేసి లాగితే ఆ బలమంతా హబ్ మీదుగా పంప్ గేరు మీద పడుతుంది. గేరు పగులుతుంది, లేదా పంప్ బాడీ పగులుతుంది. బోల్టు బిగుస్తున్నప్పుడు మీకు ఏమీ వినపడదు కూడా. సందు ఉంటే బాక్స్ దింపండి. రాత్రి అయిందని, ఇంకొకరు సాయానికి వచ్చారని, జాక్ అద్దె గడువు అయిపోతోందని లాగకండి. దింపండి.

ముఖాలు కలిసి, బెల్‌హౌసింగ్ బోల్టులు పడ్డాక కన్వర్టర్ ఇంకా వదులుగానే ఉండాలి. కింది కవర్ దగ్గర వేలు పెట్టి తిప్పితే సులువుగా తిరగాలి, ఫ్లెక్స్ ప్లేట్ వైపు కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. తిరగకపోతే విప్పండి. కన్వర్టర్‌ని ముందే ఫ్లెక్స్ ప్లేట్‌కి బిగించి ఆ తర్వాత బాక్స్‌ని తెచ్చి గుచ్చడం అసలే వద్దు. పంప్ కొమ్ములు ఎక్కడున్నాయో చూసే అవకాశమే ఉండదు.

మిగిలినవి

కన్వర్టర్ బోల్టులు ఆరు. ఆరూ చేత్తో ఎక్కించాకే ఏదైనా బిగించండి. ఒకదాని రంగు వేరుగా ఉంటే ముందు అదే ఎక్కించండి.

కన్వర్టర్ బోల్టుకి చేతికొచ్చిన పొడుగు బోల్టు వాడకండి. అది కన్వర్టర్ ముఖాన్ని లోపలికి గుంట పెడుతుంది.

బాక్స్ దింపక ముందు ఇంజిన్‌ని పైనుంచి సపోర్ట్ బార్‌తో పట్టండి. మౌంట్లు తీశాక దాన్ని ఆపేది అదొక్కటే.

బాక్స్‌ని ఛాతీ మీద పెట్టుకుని ఎత్తకండి. ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకి తెచ్చుకోండి.

ముందు సీల్, రెండు యాక్సిల్ సీళ్ళు, ఇంజిన్ వెనక సీల్ ఇప్పుడే మార్చండి. తర్వాత మార్చాలంటే ఇదంతా మళ్ళీ విప్పాలి.

రేడియేటర్‌లోని కూలర్, దాని గొట్టాలు కడగండి. పాత బాక్స్ రాల్చిన పొడి అందులోనే ఉంటుంది, నేరుగా కొత్త దానిలోకి వెళ్తుంది. వచ్చే ఆయిల్ తేటగా అయ్యేదాకా ఆపకండి.

ఏటీఎఫ్ డెక్స్‌రాన్ 3 రకానిది పోయండి.

పాత ఏ131ఎల్‌లో డిఫరెన్షియల్‌కి వేరే గది, వేరే ప్లగ్ ఉన్నాయి. అదే తిరిగి వేస్తుంటే ఆ గదిని విడిగా నింపండి, డిప్‌స్టిక్ దాని సంగతి చెప్పదు.

బాక్స్‌కి త్రాటిల్ కేబుల్ ఉంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి సరిచూడండి. కేబుల్ మీది స్టాపర్‌కి, తొడుగు చివరకి మధ్య 0 నుంచి 1 మిల్లీమీటర్ ఉండాలి. వదులైతే ప్రెషర్ తగ్గి క్లచ్‌లు జారి మాడిపోతాయి.

ఎర్త్ పట్టీ మర్చిపోకండి.

యాక్సిల్ నట్‌కి లాక్ క్యాప్, కాటర్ పిన్ వేయకుండా చక్రం ఎక్కించకండి.

స్టార్ట్ చేసే ముందు నాలుగు లీటర్లు పోయండి. స్టార్ట్ అయ్యాక కొద్దికొద్దిగా పోస్తూ డిప్‌స్టిక్ చూడండి.

న్యూట్రల్ స్విచ్ ముందు సరిచూడండి. పీ, ఎన్‌లలో తప్ప ఇంకెక్కడా స్టార్ట్ కాకూడదు.

మొదటి స్టార్ట్‌కి ముందు కారు ముందు నుంచి మనుషులందరినీ పక్కకి పంపించండి.

బ్రేక్ మీద కాలు. పీ నుంచి ఎల్ దాకా ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ పీకి రండి. సమతలం మీద, ఇంజిన్ నడుస్తుండగానే లెవెల్ చూడండి. వేడెక్కాక మళ్ళీ చూడండి.

కారు కదలకపోతే యాక్సిలరేటర్ తొక్కకండి. ఆపండి. ముందు లెవెల్ చూడండి. లెవెల్ సరిగా ఉన్నా కదలకపోతే, ముందువైపు కీచుమని ఇనుము శబ్దం వస్తే, మళ్ళీ స్టార్ట్ చేయకండి. బాక్స్ దింపి మొదట కన్వర్టర్ హబ్ కోతలు, పంప్ కొమ్ములు చూడండి.

స్టాల్ పరీక్ష (బ్రేక్ గట్టిగా తొక్కి, గేరులో ఉంచి యాక్సిలరేటర్ తొక్కి చూడడం) అవసరమైతే అయిదు సెకన్లు, అంతకు మించి వద్దు.

మొదటి వంద మైళ్ళు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి. ఆ తర్వాత కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున బెల్‌హౌసింగ్ కిందుగా ఎర్రటి చుక్క పడి ఉంటే హైవే ఎక్కకండి.